ఓట్లయినంక రండి

మా తమ్ముడు అయిదేళ్ళపాటు ఇంట్లో తప్ప ఇంకెక్కడా కాఫీ గానీ టీ గానీ ముట్టుకోలేదు. మంచినీళ్ళు కూడా వెంట తీసుకువెళ్ళేవాడు. అదేదో నోము అనుకునేరు. ఉద్యోగం అలాంటిది.

పేరు కాశీవిశ్వనాథం, ఇంట్లో విశ్వం. కరెంటు శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాక రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఛైర్మన్ అయ్యాడు. యూనిట్ ధర ఎవరికి ఎంత ఉండాలో తేల్చే పని అది. కంపెనీలు పెంచమంటాయి, జనం వద్దంటారు, అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి విని, తీర్పులాంటిది రాయాలి. ఆ కుర్చీలో కూర్చోబోయే ముందు రోజు నాతో అన్నాడు:

"అక్కయ్యా, రేపట్నుంచి నాకు ఫ్లాస్కులో కాఫీ పోసివ్వు. ఇవాళ ఎవరి చేతి కాఫీ తాగితే వాళ్ళే రేపు పిటిషన్ పట్టుకుని నా ఎదురుగా నిలబడతారు."

అన్నాడంటే అన్నాడే. పెళ్ళిళ్ళకి వెళ్తే అక్షింతలు వేసి, భోజనాల వైపు చూడకుండా వచ్చేసేవాడు. మా పినతండ్రి మనవరాలి పెళ్ళిలో కూడా అంతే. పెళ్ళికొడుకు తండ్రికి కరెంటుతో ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ఉందట. "విశ్వనాథంగారికి అక్షింతలే విందు" అని మావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం నాకు ఆ ఫ్లాస్కు అంటే ఇష్టం. పొద్దున వాడు ఎక్కడికి వెళ్ళినా, సాయంత్రం దాన్ని కడగడానికి ఇచ్చేందుకైనా ఇంటికి రావాలి కదా అనిపించేది.

నాకు భయాలెక్కువ. మా ఆయన ఒక పొద్దున స్కూటర్ మీద నారాయణగూడ చౌరస్తా దాటబోయి దాటలేదు. విశ్వం భార్య హైదర్‌గూడలో ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళింది, అలా తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఇంట్లోంచి ఎవరు బయటికి అడుగుపెట్టినా గేటు దగ్గర నిలబడి వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూస్తాను. విశ్వం కూతురు పల్లవి కొత్తిమీరకి వెళ్ళినా చూస్తాను. పల్లవి నారాయణగూడలో బ్యాంకులో పనిచేస్తుంది. "అత్తయ్యా, నువ్వు అలా చూస్తుంటే నాకు కాళ్ళు తడబడతాయి" అంటుంది.

మా సందు మొదట్లో రామక్క ఇస్త్రీ డబ్బా. నాలుగు రేకులు, బట్టలు పరిచే చెక్క పలక ఒకటి, ఒక మీటరు. బొగ్గుల పెట్టె మానేసి కరెంటు ఇస్త్రీ పెట్టె కొన్నాక బిల్లు పెద్ద దుకాణాల రేటులో రావడం మొదలైంది. ఎవరు చెప్పారో, మండలికి కాగితం పెట్టుకుంది. ఆ సంగతి తెలిసిన రోజే విశ్వం, "తీర్పు వచ్చేదాకా మన బట్టలు రామక్కకి వెయ్యొద్దు" అన్నాడు. పల్లవి ఇంట్లోనే ఇస్త్రీ చేసి రెండు చొక్కాలు కాల్చింది. రామక్క గేటు దగ్గరికొచ్చి అడిగింది.

"ఏంది అమ్మా, కేసేస్తే బట్టలు బందా?"

"వాడి పద్ధతి అంతే రామక్కా, ఏమనుకోకు."

"పద్ధతి సార్‌ది. నష్టం నాది" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

ఆ విచారణకి నేనూ వెళ్ళాను. ఎవరైనా వెళ్ళొచ్చు. ఒక పక్క వరసలో కంపెనీల తరఫువాళ్ళు కోట్లు వేసుకుని కూర్చున్నారు. ఇంకో పక్క రైతులు, చిన్న చిన్న దుకాణాలవాళ్ళు. రామక్క మైకు పట్టుకుని, "నేను షాపింగ్ మాల్ నడుపుతున్ననా సార్? ఏసీలు పెట్టుకున్నోళ్ళకూ నాకూ ఒక్కటే రేటా? నేను ఏసీ కింద నిలబడ్తలే, ఇస్త్రీ పెట్టె ముంగట నిలబడ్తున్న" అంది. హాలంతా నవ్వింది. విశ్వం నవ్వలేదు. ఆమె చెప్పడం అయిపోయేదాకా తల ఎత్తి ఆమె వైపే చూశాడు. ఆఖరికి, "మీరు చెప్పింది నమోదు చేసుకున్నాం" అన్నాడు. కంపెనీవాళ్ళకీ అదే మాట, రైతులకీ అదే మాట. అంతకు మించి ఒక్క ముక్క ఎవరితోనూ అనడు.

"గింత చెప్తే గంతేనా అమ్మా?" అంది రామక్క బయటికొచ్చాక.

తీర్పు వచ్చింది. చిన్న ఇస్త్రీ దుకాణాలకి కుటీర పరిశ్రమల రేటు. దాని తెలుగు అనువాదం నేనే చదివి పెట్టాను రామక్కకి. నేను బడికి వెళ్ళింది తక్కువ. సరుకుల పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదివి నేర్చుకున్నాను. తర్వాత అశోక్‌నగర్ పక్కన ఉన్న లైబ్రరీలో పేపర్ల హాలు నా బడి అయింది. మా తమ్ముడి తీర్పులు నాకు సగమే అర్థమవుతాయి, అయినా అన్నీ చదివాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కార్తీకంలో జరిగింది తెలియాలంటే ఈ మనిషి ఎలాంటివాడో తెలియాలి.

దసరా వెళ్ళగానే వాడి పదవీకాలం ముగిసింది. ఫ్లాస్కు ఆరబెట్టి అటక మీద పెట్టబోతున్నాను. ఆ వారంలోనే ప్రేమ్‌సాగర్ అని, మా ప్రాంతంలో ఒక పార్టీ పనులు చూసే ఆయన వచ్చాడు. అసెంబ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి.

"సార్, మీరు జర ఊ అనుండ్రి, టికెట్ మేం తెస్తం. కరెంటు బిల్లు తగ్గిచ్చిన సార్ అంటే మా దిక్కు తెల్వనోడు లేడు."

"నేను తగ్గించలేదండీ. కొందరికి తగ్గించాను, కొందరికి పెంచాను."

"పెంచింది చెప్పకుండ్రి."

విశ్వం నవ్వాడు. ప్రేమ్‌సాగర్ కాఫీ మొత్తం తాగి కప్పు బోర్లించి, "అమ్మా, కాఫీ కిరాక్ ఉంది" అన్నాడు నాతో. తర్వాత విశ్వం వైపు తిరిగి, "నేను మీ ఇంట్ల తాగిన. ఇగ మీరు మా బస్తీల చాయ్ తాగాలె సార్" అన్నాడు. విశ్వం ఖాళీ కప్పు తీసి పళ్ళెంలో పెట్టాడు. నాకు అప్పుడే ఎందుకో కీడు తోచింది. నాకు ఊరికే అలా అవుతుంటుంది కాబట్టి పట్టించుకోలేదు.

భోజనాల దగ్గర అడిగాను. "నీకెందుకురా ఇదంతా?"

వాడు అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు. తర్వాత అన్నాడు: "అయిదేళ్ళు అందరి మాటా విన్నాను అక్కయ్యా. ధర నా చేతికి వచ్చేసరికే సగం తేలిపోయి ఉండేది. పాతికేళ్ళపాటు ఎవరి దగ్గర కరెంటు కొంటామని సంతకం పెట్టాలో, బొగ్గు ఎక్కడినుంచి తేవాలో అవన్నీ ఇంకో గదిలో జరిగేవి. ఏడ్చేవాళ్ళేమో నా గదికి వచ్చేవాళ్ళు. నేను నమోదు చేసుకునేవాణ్ణి. ఆ రెండో గదిలోకి ఒక్కసారి వెళ్ళాలి."

నాకు ఆ మాట నచ్చింది. నచ్చింది కాబట్టే భయమేసింది. గదులు మారేవాళ్ళు ఇంటికి ఆలస్యంగా వస్తారు, ఆ తర్వాత రావడం తగ్గిస్తారు. అది అనలేదు. "మరి ఫ్లాస్కు అటకెక్కించనా?" అన్నాను.

"ఉండనీ."

"ఇప్పుడు కుర్చీ లేదు కదా నాన్నా" అంది పల్లవి.

"ఓటు అడగడానికి వెళ్ళి వాళ్ళ దగ్గరే పుచ్చుకుంటామా? మనం ఇస్తే లంచం. వాళ్ళు ఇస్తే కాదా?"

"నాన్నా, టీ లంచం కాదు."

"ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుసమ్మా."

పల్లవి నా వైపు తిరిగి, "నాన్నతో వాదించడమూ మీటరుతో వాదించడమూ ఒకటే అత్తయ్యా" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో మేం ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరు అని కాదు గానీ, తలుచుకుంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఆ ఏడు కార్తీకం మైకుల్లో కొట్టుకుపోయింది. తెల్లవారుజామున నేను తులసి దగ్గర దీపం పెట్టి లేచేసరికి మొదటి ఆటో సందులోకి వచ్చేసేది, వాడి పేరు అరుచుకుంటూ. మా తమ్ముడి పేరు అంత గట్టిగా బయటివాళ్ళు అరుస్తుంటే నాకు దిగులుగా ఉండేది. ఎవరో వాణ్ణి తప్పిపోయాడని వెతుకుతున్నట్టుండేది.

ప్రచారంలో వాడు చేసింది ఒకటే, వినడం. చిక్కడపల్లి సందుల్లో ఒక్కో గడప దగ్గర నిలబడిపోయేవాడు. ఒక పెద్దాయన డ్రైనేజీ సంగతి చెప్తే, ఆయన పుట్టినప్పటి డ్రైనేజీ దాకా వినేవాడు. ముషీరాబాద్ వైపు వెళ్ళాల్సిన ఊరేగింపు మా వీధి చివరే ఆగిపోయేది. డప్పులవాళ్ళు కూర్చుని బీడీలు కాల్చుకునేవారు.

"సార్, వినుడు కాదు. దండం పెట్టుడు, ముందుకు నడుసుడు" అని ప్రేమ్‌సాగర్ చెవిలో చెప్పేవాడు.

ఒకామె, "గెలిస్తే కరెంటు ఫ్రీ ఇస్తవా?" అని అడిగితే, "ఫ్రీ అనేది ఉండదమ్మా, అది ఇంకొకరి బిల్లులో కలుస్తుంది" అన్నాడు. ప్రేమ్‌సాగర్ తలపట్టుకున్నాడు. అయినా జనానికి వాడి మీద కోపం రాలేదు. "గీ సార్ గమ్మతున్నడు" అనుకునేవారు. నేను డాబా మీద బట్టలు ఆరేస్తూ అవన్నీ వినేదాన్ని. గెలుస్తాడేమో అని కూడా అనిపించింది. గెలవాలని కోరుకోవాలో వద్దో తెలియక దేవుడికి ఏమీ చెప్పకుండా దండం పెట్టుకునేదాన్ని.

విశ్వం ఓటు అడగడానికి తన డబ్బా దగ్గరికి వచ్చే రోజు కోసం రామక్క పింగాణీ కప్పూ సాసరూ కొన్నది. తెల్లటివి, అంచున నీలం గీత. నారాయణగూడలో బేరమాడి తెచ్చానని నాకు ముందే చూపించింది. ఊరేగింపు మా సందు దగ్గరికి వచ్చే పొద్దున నేను ఇస్త్రీ చీరలు తెచ్చుకుందామని అక్కడే ఉన్నాను. అందరికీ కాగితపు గ్లాసుల్లో పోసింది. వాడికి మాత్రం కొత్త కప్పులో పోసి, సాసర్లో పెట్టి, పలక మీద ఇస్త్రీ గుడ్డ పరిచి దాని మీద పెట్టింది.

"తాగాలె సార్. మీరు తగ్గిచ్చిన బిల్లుతోనే ఈ చాయ్."

ఆమె ప్రేమగానే అంది. సరిగ్గా ఆ మాటే అనకపోయి ఉంటే వాడు ఏం చేసేవాడో నాకు తెలియదు. వాడు కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు రామక్కా. నేను తాగను."

"ఒక్క గుటక సార్."

"వద్దమ్మా."

పొద్దుట్నుంచీ మాట్లాడి వాడి గొంతు ఎండిపోయింది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో కాఫీ పోసుకుని, అక్కడే నిలబడి తాగాడు. తాగుతూనే ఆమెను అడిగాడు, మీటరు రీడింగు సరిగ్గా తీస్తున్నారా అని. ఆమె తీస్తున్నారంది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరిదో ఫోను పైకి లేచి ఉంది. ఆ రోజుల్లో అందరి ఫోన్లూ పైకే ఉండేవి, దాన్ని ఎవరు పట్టించుకుంటారు.

ఆ కప్పు నేనైనా అందుకుని ఉండొచ్చు. నా చేతుల్లో చీరలున్నాయి. రామక్క కప్పులో టీ పక్కన పారబోసి, సాసరు తుడిచి, నా చీరలు లెక్క సరిపోయాయా అని అడిగింది. సరిపోయాయన్నాను.

రెండు రోజుల తర్వాత లైబ్రరీకి వెళ్ళాను. పేపర్ల హాలు బయట మెట్ల మీద గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు కూర్చుంటారు, ఊళ్ళనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. నేను వస్తే జరిగి చోటిస్తారు, "రాండ్రి అమ్మమ్మా" అంటారు. ఆ రోజు ఇద్దరు ఒక ఫోను మీద వంగి ఉన్నారు. మా తమ్ముడి గొంతు వినపడింది. వద్దమ్మా, అని. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నారు. మళ్ళీ వద్దమ్మా.

"గీ సార్ మంచోడనుకున్న రా నేను" అన్నాడు ఒకడు. "ఈయన టైంలనే మా నాయిన బోరు కనెక్షన్ కేసు గెలిసిండు."

"కేసు గెలిస్తె? కప్పు మనం ముట్టింది గదా, గందుకే తాగలే. ఫ్లాస్క తెచ్చుకున్నడు సూడు, ఇంటి నుంచి."

"ఆంధ్ర సార్లు గట్లనే ఉంటరంటవా?"

"ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. పెద్దోళ్ళు గట్లనే ఉంటరు."

నేను వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఆ ఫ్లాస్కు నేనే కడుగుతాను, అందులో కాఫీ నేనే పోస్తాను, అది మీరనుకునేది కాదు నాయనా అని చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? పెళ్ళిలో అక్షింతల దగ్గరా? పల్లవి కాల్చిన చొక్కాల దగ్గరా? అయిదేళ్ళ సంగతి చెప్తే గానీ కప్పు మీద అడ్డం పెట్టిన ఆ ఒక్క చెయ్యి అర్థం కాదు. వాళ్ళకేమో పరీక్ష ఉంది. ఆ పిల్లల్లో ఒకడు నా వైపు చూసి, "ఏం అమ్మమ్మా, ఒంట్లో బాగలేదా? నీళ్ళు తాగుతవా?" అని తన సీసా ఇచ్చాడు. తాగాను.

ఇంటికి వచ్చేసరికి ప్రేమ్‌సాగర్ హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. విశ్వం బల్ల దగ్గర కూర్చుని వివరణ రాస్తున్నాడు, తీర్పు రాసినట్టే, పేరాలకి అంకెలు వేసి.

"సార్, గా వీడియో చిటికెల అయిపోతది. మీ వివరణ గింత పొడుగు ఎవడు సదువుతడు?"

"కారణాలు చెప్పాలి కదండీ."

"కారణాలు ఎవనికి గావాలె సార్. రేపు పొద్దుగాల పోదాం. రామక్క చాయ్ పోస్తది, మీరు తాగుతరు, మేం వీడియో తీస్తం. ఖతం."

విశ్వం కలం మూత పెట్టాడు. "నేను రామక్కని అడగాలి, ఆమె ఏమనుకుందో" అన్నాడు. ఆ రోజంతా ఆమె ఏమనుకుందో అని అడిగిన మనిషి వాడొక్కడే. తర్వాత నాతో, "అక్కయ్యా, నువ్వూ రా" అన్నాడు. నన్ను ఎక్కడికీ అలా రమ్మని వాడు అడగలేదు ఎప్పుడూ.

వెళ్ళాం. సందు మొదట్లో కెమెరాలు ముందే వచ్చి ఉన్నాయి. రామక్క ప్యాంటు మడత మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది, ఆపలేదు.

"రామక్కా, సార్ వచ్చిండు. చాయ్ పొయ్యి" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"పాలు లేవన్నా."

"పాలు తెప్పిస్తం. నఖరాలు జెయ్యకు."

అప్పుడు ఆమె పెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసేసి, కెమెరాల వైపు చూసి, తర్వాత మా తమ్ముడి వైపు చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. కోపం ఉంటే బాగుండేది.

"ఇయ్యాల వద్దు సార్. ఓట్లయినంక రండి. ఒక్కలే రండి. అప్పుడు తాగుండ్రి."

"రామక్కా, ఆ రోజు నేను..."

"ఓటు మీకే ఏస్త సార్. ఓటు వేరే ముచ్చట, చాయ్ వేరే ముచ్చట."

వాడు తల ఊపాడు. "నమోదు చేసుకున్నాను" అన్నాడు. నోటికి అలవాటైన మాట, అలాగే వచ్చేసింది. కెమెరావాడు ఏం తీయాలో తెలియక ఇస్త్రీ పెట్టెని తీశాడు. వెనక్కి నడుస్తుంటే విశ్వం ఒక్కసారి ఆగాడు. నేనేదో అంటానని చూశాడు. నేను వాడి చొక్కా మీద పడ్డ పూలరేకు తీసేశాను, అంతే.

ఓడిపోయాడు. రెండో స్థానం కూడా రాలేదు. సాయంత్రానికి ప్రేమ్‌సాగర్ మనుషులు వచ్చి మా వాకిట్లో వేసిన కుర్చీలు తీసుకెళ్ళారు. కార్తీకం వెళ్ళిపోయి ఇల్లు చప్పుడు లేకుండా అయింది. నాకు సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను. వాడు ఇంట్లో ఉన్నాడు. పేపరు చదువుతున్నాడు. కాఫీ కప్పులోనే తాగుతున్నాడు.

"రామక్క దగ్గరికి వెళ్ళొస్తావా?" అన్నాను ఒక పొద్దున. "ఓట్లయిపోయాయి కదా."

"వెళ్తాను. ఓడిపోగానే వెళ్తే ఓదార్పు కోసం వెళ్ళినట్టుంటుంది."

ఇంకో వారం చూసి మళ్ళీ అడిగాను. "వెళ్తాను అక్కయ్యా. కాస్త ఈ గొడవ చల్లారనీ."

చల్లారలేదు. వాడు ఓడినా వాడి పార్టీ రాష్ట్రంలో గెలిచింది. ఓడిపోయిన పెద్దమనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ఢిల్లీలో రాష్ట్రం తరఫున కరెంటు వ్యవహారాలు చూసే సలహాదారు పదవి ఇచ్చారు. బొగ్గు గురించి మాట్లాడేదీ, ఎవరి దగ్గర ఎంతకు కొనాలో తేల్చేదీ అక్కడే. వాడు కోరుకున్న రెండో గది. ఫోను పెట్టేసి వాడు పిల్లాడిలా నవ్వాడు. నేను దేవుడి గదిలోకి వెళ్ళి ఏమీ చెప్పకుండా మళ్ళీ దండం పెట్టుకున్నాను.

మర్నాటినుంచి మా గేటు మూయడానికి వీల్లేకపోయింది. పూలగుత్తులు, శాలువాలు. ఒక మధ్యాహ్నం కోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. ఆయన్ని నేను గుర్తుపట్టాను. విచారణ రోజు హాల్లో కంపెనీల వరసలో, మొదటి కుర్చీలో కూర్చున్నాయన. పెద్ద మిఠాయి పెట్టె తెచ్చాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా. నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి పెట్టె తెరిచి ఉంది. విశ్వం మాట్లాడుతూనే అందులోంచి ఒక జీడిపప్పు బర్ఫీ తీసి నోట్లో వేసుకున్నాడు.

"బాగుంది అక్కయ్యా. నువ్వూ తీసుకో" అన్నాడు.

నేను పళ్ళెం బల్ల మీద పెట్టాను. వాడికి గుర్తుకు రాలేదు. గుర్తొచ్చి తిన్నా నాకు కొంత నయంగా ఉండేదేమో. "తర్వాత తింటాను" అని లోపలికొచ్చాను. వంటింట్లో పల్లవి నన్ను చూసి, "ఏమైంది?" అంది. "ఏం కాలేదు" అన్నాను. అయిదేళ్ళు ఒకరిచ్చిన మంచినీళ్ళు ముట్టనివాడు ఒక బర్ఫీ తిన్నాడు, దానికి ఏమని చెప్పను? ఆ బర్ఫీకి తీర్పు లేదు, పిటిషన్ లేదు, ఎవరి ఫోనూ పైకి లేవలేదు.

ఆ సాయంత్రం మూడోసారి రామక్క మాట ఎత్తాను. "ఇప్పుడెలా అక్కయ్యా" అన్నాడు. "ఇప్పుడు నేను ప్రభుత్వం మనిషిని. నేను వెళ్తే నలుగురు వెంట వస్తారు. ఆమె ఒక్కణ్ణే రమ్మంది కదా." ఆ మాటలో తప్పేమీ లేదు. వాడి మాటల్లో ఎప్పుడూ తప్పుండదు.

వెళ్ళే రోజున సందులో పైపుల కోసం తవ్వారు. కారు లోపలికి రాలేక సందు మొదట్లో, సరిగ్గా ఇస్త్రీ డబ్బా దగ్గర ఆగింది. అక్కడిదాకా అందరం నడిచాం. పల్లవి ఒక సంచి పట్టుకుంది. నేను ఫ్లాస్కు పట్టుకున్నాను.

"అది వద్దు అక్కయ్యా. విమానంలో రానివ్వరు."

"విమానాశ్రయం దాకా తాగొచ్చు కదా."

"అక్కడ దొరుకుతుంది" అన్నాడు.

రామక్క వాడి చొక్కాలు పేపర్లో చుట్టి తెచ్చి కారు వెనక సీటు మీద పెట్టింది, మడత నలగకుండా. వాడు కూర్చున్నాక అద్దం దించాడు.

"రామక్కా, ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా వస్తాను. టీ తాగుతాను."

"నమోదు చేసుకున్న సార్" అంది రామక్క.

డ్రైవరు నవ్వాడు. వాడూ నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి ఆమెను చూశాడు, విచారణ హాల్లో చూసినట్టే, తల ఎత్తి. అప్పటికే కారు కదిలింది. నారాయణగూడ వైపు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. పల్లవికి బ్యాంకు వేళయింది, నా భుజం తట్టి వెళ్ళింది. ఆమెనూ మలుపు దాకా చూశాను.

"ఎప్పుడొస్తడమ్మా సార్?" అంది రామక్క.

"చెప్పలేదు."

"ఫ్లాస్కల ఏముంది?"

"కాఫీ. వాడికని పోశాను."

రామక్క పలక కిందికి వంగి, గుడ్డలో చుట్టి పెట్టిన నీలం గీత కప్పు తీసింది. నా ముందు పెట్టింది.

"పొయ్యుండ్రి మరి. చల్లారిపోతది."

పోశాను. ఆమె ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, నిలబడే తాగింది. మొదటి గుటకకే మొహం చిట్లించింది.

"చక్కెర లేదేందమ్మా?"

"వాడు అలాగే తాగుతాడు."

మొత్తం తాగింది. కప్పు కడిగి, తుడిచి, మళ్ళీ అదే గుడ్డలో చుట్టి పలక కింద పెట్టింది.